దారి మోయనిది సంచి మోస్తుంది

ఒంటరిగా నెలల తరబడి ఊరు వదిలి ఉండే ఆడమనిషి ఎంత సామాను వెంట తీసుకెళ్లాలి? దొరికే జవాబులన్నీ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి: వీలైనంత తక్కువ. ఏడు కిలోలు దాటొద్దని ఒకరు, రెండు జతలు చాలని ఇంకొకరు, సబ్బును కూడా ముక్క కోసి పెట్టుకోమని మరొకరు. వాటిలో తప్పు లేదు. అయితే సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు దిగే ఆడవాళ్లను చూస్తే ఆ జవాబులు సగమేనని తెలుస్తుంది. జహీరాబాదు వైపు నుంచి, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చే వాళ్లలో కొందరి భుజాన చిన్న బ్యాగు ఒక్కటే ఉంటుంది. ఇంకొందరి చేతుల్లో ట్రంకుపెట్టె, బియ్యం సంచి, ప్లాస్టిక్ బకెట్, బకెట్‌లో గిన్నెలు, పైన తాడుతో కట్టిన బొంత. ఈ రెండోవాళ్లకు సర్దుకోవడం రాదనుకుంటే పొరపాటే. దిగేచోట బకెట్ ఉండదని తెలుసు కాబట్టి తెచ్చుకున్నారు.

నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది. ఒంటరి ఆడమనిషి సంచి బరువు ఆమె పొదుపరితనం మీద కొంతే ఆధారపడుతుంది. ఎక్కువగా ఆమె వెళ్లే దారిలో ఏమేం దొరుకుతాయో దాని మీద ఆధారపడుతుంది. నీళ్లు, మరుగుదొడ్డి, తాళం పడే గది, బట్టలారే దండెం, భయపడకుండా పలకరించగలిగే మనిషి. వీటిలో ఏది లేకపోయినా దానికి బదులుగా ఏదో ఒకటి సంచిలోకి ఎక్కుతుంది. తేలికగా వెళ్లడం గురించి ఇంతవరకు వచ్చిన మాటలన్నింటినీ ఈ కోణంలోంచి ఒకసారి చూడాలి.

ఈ లెక్క వేసినవాళ్లలో బాగా పాతవాళ్లు బౌద్ధులు. సంగారెడ్డికి దగ్గర్లోని కొండాపూర్‌లో 1940ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే శాతవాహన నాణేలు, రోమన్ నాణేలతో పాటు బౌద్ధ కట్టడాల పునాదులూ బయటపడ్డాయి.  వినయమనే బౌద్ధ సంఘ నియమావళి ప్రకారం, అలాంటి చోట్ల తిరుగుతూ బతికే భిక్షువుకు ఎనిమిది వస్తువులు చాలు: మూడు చీవరాలు (ఒంటి వస్త్రాలు), భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడగట్టుకునే గుడ్డ. ఇంత పొట్టి జాబితా ఇవాళ్టి ఏ యాత్రికుడూ రాయలేడు.

భిక్షుణికి మాత్రం చీవరాలు ఐదు. అదనంగా వచ్చిన రెండింటిలో ఒకటి ఛాతీ మీద కప్పుకునేది, రెండోది స్నానపు వస్త్రం. ఈ రెండోది ఎలా వచ్చిందో వినయపిటకమే కథగా చెబుతుంది. అచిరవతి నదిలో భిక్షుణులు బట్టలు విప్పి స్నానం చేస్తుంటే అదే రేవులో ఉన్న వేశ్యలు ఎగతాళి చేశారట. ఆ సంగతి విన్న విశాఖ అనే ఉపాసిక, స్నానపు వస్త్రాలు దానం చేసేందుకు బుద్ధుణ్ణి అడిగి అనుమతి పొందింది. మగవాడి జాబితాకు ఆడమనిషి జాబితాకు తేడా ఎక్కడ మొదలైందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఒళ్లు అడగని గుడ్డను చుట్టూ ఉన్న కళ్లు అడిగాయి.

అదే నియమావళిలో ఇంకో ముఖ్యమైన ఏర్పాటు ఉంది. నెలసరిలో వాడుకునే వస్త్రాన్ని భిక్షుణుల నివాసంలోనే ఉమ్మడిగా ఉంచేవారు. వాడుకున్న ఆమె దాన్ని తరువాతి ఆమెకు వదిలిపెట్టాలి. అట్టే పెట్టుకుంటే దోషం. ఆరోగ్యం దృష్టితో చూస్తే ఇవాళ అలా పంచుకోమని ఎవరూ చెప్పరు. కానీ అందులోని ఆలోచన చూడండి: ప్రతి ఒక్కరూ విడివిడిగా మోయాల్సినదాన్ని ఆ నివాసం మోసింది. అదే సంఘం భిక్షుణి ఒంటరిగా ఊళ్లోకి వెళ్లకూడదని, ఒంటరిగా ఏరు దాటకూడదని, రాత్రి విడిగా ఉండకూడదని కూడా కట్టడి పెట్టింది. దారిలో భిక్షుణుల మీద జరిగిన దాడులే ఆ నియమాలకు కారణమని గ్రంథం చెబుతుంది. అమరావతి శాసనాల్లో దాతలుగా భిక్షుణుల పేర్లు కనిపిస్తాయి కాబట్టి ఈ ఐదు చీవరాల ఆడవాళ్లు తెలుగు నేల మీదా తిరిగారు. వాళ్ల మూట తేలికైంది. దారి మాత్రం వాళ్లకు పూర్తిగా తెరుచుకోలేదు.

సంస్థ మోస్తే మనిషి మోయనక్కర్లేదన్న సంగతికి సంగారెడ్డిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1796లో కట్టిన పాత జైలును మ్యూజియం చేశాక, 2016లో అక్కడ 500 రూపాయలు కట్టి ఒక రోజంతా ఖైదీలా ఉండే ఏర్పాటు పెట్టారు. లోపలికి వెళ్లినవాళ్లకు ఖద్దరు దుస్తులు, స్టీలు పళ్లెం, గ్లాసు, మగ్గు, ఒంటికో సబ్బు, బట్టలకో సబ్బు, పక్కగుడ్డలు ఇచ్చేవారు. బతకడానికి కావలసిన కనీస వస్తువుల పట్టీ ఇది. మోసుకెళ్లాల్సింది ఏమీ లేదు. పక్కనే పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో హాస్టలు గది తీసుకున్న అమ్మాయికి అద్దె కట్టినా ఈ పట్టీలోని మగ్గు కూడా రాదు.

మన యాత్రా సాహిత్యం ఈ విషయంలో పెద్దగా సాయం చేయదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నంలో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు. తన బరువు తాను మోసుకోవడమన్న ప్రశ్నే ఆయనకు రాలేదు. పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్లొచ్చి రాసిన ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ 1876లో మద్రాసులో వెలువడింది. సముద్రం దాటిన తెలుగు స్త్రీ రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. అయితే ఆమె వెళ్లింది భర్తతో కలిసి. ఒంటరిగా, సొంత భుజం మీద సంచితో వెళ్లిన ఆడవాళ్ల లెక్క కోసం మరో దేశం చూడక తప్పదు.

అమెరికన్ పత్రికా రచయిత్రి నెల్లీ బ్లై 1889 నవంబరు 14న ఒక్క చేతిసంచితో భూప్రదక్షిణకు బయలుదేరి 72 రోజుల్లో తిరిగి వచ్చింది. సంచి అడుగు పదహారు అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. అందులో టోపీలు, ముఖానికి కప్పుకునే తెరలు, లోదుస్తులు, చేతిరుమాళ్లు, సిరాబుడ్డి, కలాలు, సూదీదారం, చిన్న ఫ్లాస్కు, గ్లాసు, ముఖానికి రాసుకునే క్రీము సీసా. అన్నిటికన్నా చోటు తినేసింది ఆ సీసానే అని ఆమె తరువాత విసుక్కుంది. తేలిక ప్రయాణానికి ఆదర్శంగా ఆమెను ఎన్నోచోట్ల చూపిస్తారు. ఆమె దగ్గర రెండు వందల పౌండ్ల బంగారు నాణేలు, నోట్లు ఉన్నాయన్న మాట మాత్రం చాలామంది వదిలేస్తారు. ఓడలో గది, భోజనం, సామాను ఎత్తే కూలి, ఊరూరా టెలిగ్రాం ఆఫీసు ఉన్నాయి. అంత డబ్బు, అన్ని వసతులు ఉన్నప్పుడు సంచి చిన్నదవుతుంది.

ఎమ్మా గేట్‌వుడ్ సంగతి వేరు. పదకొండు మంది పిల్లల తల్లి, ఒహాయో పల్లెటూరి మనిషి. 1955లో, 67 ఏళ్ల వయసులో, దాదాపు 3,300 కిలోమీటర్ల అపలేచియన్ కాలిబాటను ఒకే విడతలో ఒంటరిగా నడిచిన తొలి మహిళ ఆమె. ఇంట్లో జీన్స్ గుడ్డతో కుట్టుకున్న సంచి, కాన్వాసు బూట్లు, ఒక దుప్పటి, వానకు అడ్డంగా స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ తెర. డేరా లేదు. చాలా రాత్రులు దారిలో కనిపించిన ఇంటి తలుపు కొట్టి వరండాలో పడుకుంది. గ్రాముల లెక్కలు వేసే యాత్రికులు ఆమెను తమ గురువంటారు. నిజానికి ఆమెకు డేరా బరువు తగ్గించింది ఆ తలుపులు తీసిన కుటుంబాలు. అన్ని దారుల్లోనూ అందరు ఆడవాళ్లూ అలా తలుపు కొట్టగలరా అన్నది సామాను జాబితాలు రాసేవాళ్లు వేసుకోని ప్రశ్న.

ఇక పటాన్‌చెరు దారికి వద్దాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద కొద్ది దూరంలోనే మూడు రకాల ప్రపంచాలు ఉన్నాయి. 1972లో వెలిసిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఆఫ్రికా నుంచి, ఆసియా దేశాల నుంచి పరిశోధకులు నెలల పాటు ఉండటానికి వస్తారు. లోపల వసతిగృహం, భోజనశాల ఉన్నాయి. కంది దగ్గర ఐఐటీలో చేరే అమ్మాయికి మంచం, బీరువా, మెస్సు ఉన్నాయి. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి వాడలకు మందుల కంపెనీల్లో ప్యాకింగుకో, ల్యాబు పనికో వచ్చే అమ్మాయి మాత్రం బీరంగూడలోనో ఇస్నాపూర్‌లోనో నలుగురితో కలిసి గది అద్దెకు తీసుకుంటుంది. గదిలో ఉండేవి ఒక ఫ్యాను, ఒక బల్బు. చాప, బకెట్, మగ్గు, గిన్నెలు, గ్యాస్ పొయ్యి అన్నీ తను తెచ్చుకోవాల్సిందే. వేల కిలోమీటర్లు దాటి వచ్చిన పరిశోధకురాలికి ఒక్క సూట్‌కేసు సరిపోతే, పక్క జిల్లా నుంచి వచ్చిన అమ్మాయికి ఇద్దరు మోసేంత సామాను కావాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను ప్రకారం స్త్రీలు ఎత్తదగిన గరిష్ఠ బరువును రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించే వీలుండేది. గేటు లోపల ఆమె నడుము గురించి చట్టం ఆలోచించింది. గేటు దాకా మోసుకొచ్చే దాని గురించి ఎక్కడా మాట లేదు.

బట్టల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సంచిలో సగం చోటు వాటిదే. ఎన్ని జతలు కావాలన్న వాదం ఎప్పుడూ తేలదు. నా దృష్టిలో లెక్క సులువు: ఉతికిన జత ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని జతలకు ఒంటి మీది జత ఒకటి కలపాలి, జాగ్రత్తకు ఇంకొకటి. ఏప్రిల్‌లో సంగారెడ్డి మేడ మీద నూలు డ్రెస్సు గంటలో ఆరుతుంది. ఆగస్టు ముసురులో అదే డ్రెస్సు రెండు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. పాలిస్టర్ కలిసినదైతే ఫ్యాను కింద రాత్రికి ఆరుతుంది. కాబట్టి ఎండాకాలంలో నూలు, వానల్లో కలగలుపు గుడ్డ. ‘మూడు జతలు చాలు’ అనే సలహా ఏ నెలలో, ఏ ఊళ్లో రాసిందో చెప్పకపోతే దానికి విలువ లేదు.

ఆరవేయడానికి చోటు కూడా ఉండాలి. ఇంటాయన మేడ తాళం ఇవ్వకపోతే, లోదుస్తులు నలుగురి కంట పడకూడదంటే, గదిలోనే తాడు కట్టాలి. అప్పుడు ఆరడానికి పట్టే కాలం రెట్టింపు, జతల లెక్క కూడా దాంతో పాటే పెరుగుతుంది. బొల్లారం, గడ్డపోతారం చుట్టుపక్కల రసాయనాల ఘాటు వాసన గురించి జనం ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ రాత్రుల్లో బయట ఆరేసిన బట్టకూ ఆ వాసన పడుతుంది. బోరునీళ్లు ఉప్పగా ఉన్నచోట సబ్బు నురగ రాదు, పొడి సబ్బు కావాలి. చిన్న విషయాలే, కానీ రోజూ ఉతుక్కునే అలవాటు మీదనే తేలిక ప్రయాణం నిలబడుతుంది. నీళ్లూ దండెం లేనిచోట ఆ అలవాటు సాగదు.

చీర మంచిదా డ్రెస్సు మంచిదా అన్న తగువులో నేను రెండు వైపులా నిలబడతాను. ఐదున్నర మీటర్ల పాత నూలు చీర కప్పుకునే దుప్పటి, కిటికీకి తెర, మూట కట్టుకునే గుడ్డ, అవసరమైతే తాడు. మన అమ్మమ్మలు ఇంకొకటి అడగకుండా దానితోనే కాశీ వెళ్లొచ్చారు. కానీ దానితో పాటు లంగా, జాకెట్ కూడా కావాలి, షిఫ్టు బస్సు పరుగెత్తి ఎక్కాలి. అందుకని కట్టుకోవడానికి డ్రెస్సు, సంచిలో ఒక పాత మెత్తటి చీర. చున్నీని మాత్రం ఎవరూ వదలకూడదు. దుమ్ముకు ముఖం మీద, చలికి చెవుల మీద, బస్సు సీటు మీద, దిండు మీద, నైటీ మీద వేసుకుని నీళ్ల కోసం గది బయటికి రావడానికి అదొక్కటే. తువ్వాలు పల్చటి నూలుదే ఉండాలి. టర్కీ తువ్వాలు నీళ్లు తాగి బరువెక్కుతుంది, ముక్క వాసనా వస్తుంది.

నెలసరి గురించి ఇప్పుడు కొంచెం బాహాటంగా మాట్లాడుతున్నారు, సంతోషం. ప్యాడ్ల మీద 2018 జులైలో జీఎస్టీ తీసేశాక, మండల కేంద్రాల్లో కిరాణా కొట్లలోనూ దొరుకుతున్నాక, ఆరు నెలలకు సరిపడా మోసుకెళ్లాల్సిన పని లేదు. ఒక నెలది చాలు. మెన్‌స్ట్రువల్ కప్పు ఇంకా తేలిక. గుప్పెట్లో పట్టే వస్తువు, కొన్నేళ్లు వస్తుంది. దూరాలు తిరిగేవాళ్లు చాలామంది దాన్నే మెచ్చుకుంటారు. దానికి కావలసింది శుభ్రమైన నీళ్లు, నెలకొకసారి మరిగించే గిన్నె, గొళ్లెం పడే స్నానాలగది. ఆరుగురికి ఒకటే మరుగుదొడ్డి, బయట వరస ఉన్నచోట దాన్ని వాడటం మాటల్లో చెప్పినంత సులువు కాదు. ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లకు ఎండ కావాలి, మళ్లీ దండెం దగ్గరికే వచ్చాం. ఏది మంచిదని అడిగితే, కప్పు అలవాటైనవాళ్లు కూడా ఒక చిన్న ప్యాడ్ల పొట్లం దగ్గర ఉంచుకోవాలని చెబుతాను. అలవాటు లేనివాళ్లు ప్రయాణం మధ్యలో కొత్తగా మొదలుపెట్టకుండా, ఇంట్లో మూడు నాలుగు నెలలు వాడి చూసి బయలుదేరాలి.

మరుగుదొడ్డి లేని దారి సంచిని ఎలా బరువెక్కిస్తుందో చూడండి. బస్సు ఎక్కేముందు ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లు తగ్గితే మూత్రంలో మంట, ఇన్ఫెక్షను. దానికి మాత్రలు, అదనంగా లోదుస్తులు, ప్యాంటీ లైనర్లు. పెట్రోలు బంకుల్లో దొడ్డి ఉన్నా తాళం వేసి ఉంటుంది. తాళంచెవి అడగడానికి మనసొప్పదు. అడగాలి. అడిగే హక్కు ఉందని తెలుసుకుని అడగాలి. లీటరు నీళ్ల సీసా ఒక కిలో. తేలిక చేసుకుందామని దాన్ని మాత్రం తీసేయొద్దు.

తిండి విషయంలో ఈ ప్రాంతానికి పాత తెలివి ఉంది. జహీరాబాదు వైపు, కర్ణాటక సరిహద్దు పొడుగునా పెళుసుగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టె రోజుల తరబడి పాడవదు. పల్లికారం, వెల్లుల్లి కారం తోడుంటే సద్ది సిద్ధం. నీళ్లు లేని తిండి కాబట్టి బరువు తక్కువ. ఆ ప్రాంతపు చిరుధాన్యాలను కాపాడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరాలు పట్టి సినిమాలు తీశారు, వేదికల మీద మాట్లాడటానికి విదేశాలు వెళ్లొచ్చారు. దూరాలు వెళ్లే ఆడవాళ్లంటే పట్నం చదువుల వాళ్లేననుకునేవారికి ఆ సొసైటీ ఉన్న పస్తాపూర్ పేరు గుర్తుచేయాలి. ఊరగాయ సీసా సంగతి వేరు. నూనె కారి సంచంతా పాడు చేస్తుంది, గాజు బరువు అదనం. కారప్పొడులే మేలు.

ఇప్పుడు కాగితాలు. ఫోను వచ్చాక టార్చి, కెమెరా, గడియారం, పటం, టికెట్టు, బ్యాంకు అన్నీ ఒకే వస్తువులోకి వచ్చేశాయి. ఆడవాళ్ల సంచి ఇంతగా ఎప్పుడూ తేలిక పడలేదు. అయినా కార్డును వదిలి వెళ్లలేం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ధర లేదు. కానీ జీరో టికెట్టు ఇవ్వాలంటే తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపాలి. జిరాక్సు, ఫోనులోని బొమ్మ కుదరవని ఆర్టీసీ చెప్పింది. సరిహద్దు దాటితే కర్ణాటక శక్తి పథకం అక్కడివాళ్లకే, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీశక్తి అక్కడివాళ్లకే. ఒడిశా నుంచి ఒంటరిగా వచ్చి పాశమైలారంలో ఏడాదిగా పనిచేసే అమ్మాయి మూడు రాష్ట్రాల్లోనూ డబ్బులు పెట్టి టికెట్టు కొనాలి. దారి ఎవరిదో చిరునామా చెబుతుందన్నమాట.

కాగితాల గురించి ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఒంటరిగా ఎక్కడున్నా, ఎక్కడ ఉంటున్నది, ఎవరి దగ్గర పనిచేస్తున్నది, రక్తం గ్రూపు ఏమిటి అన్నవి రాసిన ఒక కాగితం ఇంట్లో ఒకరి దగ్గర, ఇంకొకటి సంచిలో ఉండాలి. దీనికి బరువేమీ లేదు. నెలల పాటు దూరం వెళ్లే ఏ ఆడమనిషి జాబితాలోనైనా దీన్ని మొదట రాస్తాను.

భద్రత పేరు చెప్పి అమ్మే వస్తువులు చాలా వచ్చాయి. పెప్పర్ స్ప్రే, తలుపు కింద పెట్టే అలారం, కత్తి ఉన్న తాళంచెవుల గుత్తి. ధైర్యం వస్తుందంటే వాటిని కొనుక్కునేవారిని నేను తప్పుపట్టను. అయితే పెప్పర్ స్ప్రేను విమానంలో చేతిసంచిలో రానివ్వరు. అలవాటు లేని చేతిలో అది గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. వీటికన్నా ఒక మంచి తాళం, ఒక విజిల్, గదిలో గొళ్లెం సరిగా పడుతుందో లేదో చీకటి పడకముందే చూసుకోవడం ఎక్కువ పనికొస్తాయి. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ అనే ఏర్పాటు తెచ్చారు. యాప్ లేకపోయినా 100కు ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణాన్ని గమనిస్తూ ఉంటారు. మామూలు కీప్యాడ్ ఫోను ఉన్న మనిషికీ అందే సాయం ఇది. ఒక అలారం బరువు సంచిలోంచి తీసేయగల ఏర్పాటు.

ఒంటరితనానికి తనదైన బరువు ఉంటుంది. 2018లో హైదరాబాదు నుంచి జైభారతి, మరో ముగ్గురు మహిళలు మోటారు సైకిళ్ల మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు చుట్టి దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగారు. నలుగురు వెళ్తే ఒక పంపు, ఒక పానాల పెట్టె, ఒక మందుల డబ్బా నలుగురివీ. ఒక్కరే వెళ్తే అవన్నీ ఒక్కరివే. స్టేషనులో మరుగుదొడ్డికి వెళ్లాలంటే సంచి చూసుకునే మనిషి ఉండదు, మొత్తం భుజాన వేసుకునే వెళ్లాలి. అందుకే ఒంటరి ఆడమనిషి సంచికి నా కొలత ఇది: దాన్ని తగిలించుకుని ఇరుకు మరుగుదొడ్డిలో తిరగగలగాలి. స్లీపర్ టికెట్టు మీద రైల్వే 40 కిలోలు ఉచితంగా ఒప్పుకుంటుంది, విమానంలో చేతిసంచి 7 కిలోలు. ఆ అంకెలు బండికి పనికొస్తాయి.

ఒంటి సంగతి కూడా చూడాలి. పిల్లల బడిసంచి వాళ్ల బరువులో పదోవంతు మించకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెప్పింది. యాభై కిలోల మనిషికి ఆ లెక్కన ఐదు కిలోలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ ఒంటితో పన్నెండు కిలోలు ఎత్తుకుని ఫుట్‌బ్రిడ్జి మెట్లెక్కడం ఎంత కష్టమో ఊహించండి. సంచి కొనేటప్పుడు రంగు చూసే ముందు నడుముకు కట్టుకునే పట్టీ ఉందేమో చూడాలి. బరువు భుజాల నుంచి తుంటికి దిగితే సగం అలసట తగ్గుతుంది. ప్రయాణానికి నెల ముందు రక్తపరీక్ష చేయించుకుని ఐరన్ మాత్రలు మొదలుపెట్టడం ఖరీదైన సంచి కన్నా మేలు.

తెలుగు ఆడవాళ్లలో అందరికన్నా ఎక్కువకాలం ఒంటరిగా దూరం వెళ్లేది ఎవరు? కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లేవాళ్లు. ముప్పై ఏళ్లు నిండాకే ఆ పనికి వెళ్లే అనుమతి వస్తుంది. రెండేళ్లు, నాలుగేళ్లు ఇంటి ముఖం చూడరు. వాళ్లను యాత్రికులని ఎవరూ పిలవరు, పుస్తకాలూ రాయరు, కానీ సర్దుకోవడంలో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మూడు విషయాలు వాళ్ల నుంచి నేర్చుకోవాలి. పాస్‌పోర్టు యజమాని చేతికి వెళ్లవచ్చు కాబట్టి దాని నకలు వేరే చోట దాచాలి. మాత్రలు డాక్టరు చీటీతో సహా ఉండాలి. మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని నొప్పి మందులు, దగ్గు మందులు గల్ఫ్ దేశాల్లో నిషిద్ధం. ఫోను పోయినా గుర్తుండేలా రెండు నంబర్లు నోటికి రావాలి.

దారి మోస్తే ఎలా ఉంటుందో చూపించే మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు. మెట్ల కింద కౌంటరులో సంచి ఇస్తే పైకి ఉచితంగా చేరుస్తారు, నడిచేవాళ్లు చేతులూపుకుంటూ వెళ్తారు. పైన యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు దొరుకుతుంది. ఎనభై ఏళ్ల ముసలమ్మ ఎక్కగలుగుతున్నది భక్తి వల్ల మాత్రమే అనను, ఆ కౌంటరు వల్ల కూడా. అదే కొండ మీద ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరన్నది కూడా చెప్పుకోవాలి. సంచిని నమ్మిన చోట ఒంటరి మనిషిని ఇంకా నమ్మలేదు.

పటాన్‌చెరు, సంగారెడ్డి బస్టాండుల్లో ఆడవాళ్లకు లాకర్లు, తాళం పడే స్నానాలగది, ఒక గంట కూర్చోగల గది పెట్టడం అసాధ్యమేమీ కాదు. పక్కనే సుల్తాన్‌పూర్‌లో మహిళలే యజమానులుగా 50 ఎకరాల పారిశ్రామిక పార్కు 2022 మార్చి 8న మొదలైంది. పెట్టుబడి పెట్టే ఆడవాళ్లకు స్థలం ఇవ్వగలిగిన పారిశ్రామిక వాడ, పనికి వచ్చే ఆడవాళ్లకు మంచం, బకెట్, బీరువా ఉన్న హాస్టలు కట్టగలదు. అది జరిగిన రోజు బకెట్లు మోసుకుంటూ దిగేవాళ్లు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కనిపించరు.

అంతదాకా సంచిలో ఏం పెట్టాలి అని అడిగేవారికి నా జవాబు ఇది. అన్నిటికన్నా ముందు ఆ వివరాల కాగితం. ఒంటి మీద ఒక జత, సంచిలో రెండు, వానాకాలమైతే మూడు. ఒక నైటీ, ఒక చున్నీ, పాత చీర, పల్చటి తువ్వాలు, లోదుస్తులు ఐదు జతలు. బట్టల సబ్బు, ఐదు మీటర్ల నైలాను తాడు, నాలుగు క్లిప్పులు, సూదీదారం, పిన్నీసులు. ఒక నెల నెలసరి సామాను, పది రోజుల మందులు, చీటీ. తాళం, విజిల్, ఛార్జరు, చిన్న పవర్ బ్యాంకు. కార్డులు ఒంటి మీద కట్టుకునే చిన్న సంచిలో. నోట్లు రెండు చోట్ల. రొట్టెలు, కారప్పొడి. నీళ్ల సీసా కాక ఇదంతా ఆరు కిలోల దగ్గర ఆగుతుంది.

చలికాలం మాత్రం మినహాయింపు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కోహిర్, ఝరాసంగం వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది, రగ్గు లేకుండా గడవదు. దాన్ని ఏడాది పొడుగునా మోయనక్కర్లేదు. ఆర్టీసీ 2020 నుంచి కార్గో పార్సిల్ సేవ నడుపుతోంది. సంక్రాంతి ముందు ఇంటి నుంచి తెప్పించుకుని, శివరాత్రి దాటాక బస్టాండులోని కార్గో కౌంటరులో ఇచ్చి వెనక్కి పంపవచ్చు. పంపేముందు రెండు రోజులు ఎండబెట్టి, మడతలన్నీ చూసుకుని, ఎవరు తీసుకుంటారో వాళ్ల నంబరు మూట మీద పెద్ద అక్షరాలతో రాయాలి.